డాలువాడి కొలతలు

ఆ ఇనుప చొక్కా చేసినవాడెవడో గానీ, వాడికి చంక కొలత తీయడం రాదు. మొదటిసారి చూడగానే ఆ మాట అనేశాను. రొమ్ము మీద అంత మందాన రేకు పరిచి, చెయ్యి ఎత్తే చోట మాత్రం పిడికిలి దూరేంత సందు వదిలేశాడు. కత్తి ఎత్తిన ప్రతిసారీ అక్కడ లోపలి గుడ్డ కనిపిస్తోంది. శత్రువు గుడ్డివాడైతే తప్ప సరిగ్గా అక్కడే పొడుస్తాడు కదా!

"అమ్మా, అది కుట్టింది కాదు. కంప్యూటర్‌లో గీసింది," అన్నాడు మా వాడు.

"గీసినవాడికి మాత్రం చంకలుండవా?" అన్నాను.

వాడు నవ్వాడు. నవ్వితే వాడికి దగ్గు వస్తుంది. దగ్గు వస్తే ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి దారిలో పడేదాకా ఆగాలి. అందుకని వాణ్ణి నవ్వించకూడదని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాను. కానీ నా నోరు నా మాట వినదు.

నేను దర్జీని. కొత్త బట్టలు కుట్టడం ఎప్పుడో మానేశాను, ఇప్పుడంతా సరిచేసే పనే. ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళకి వదులు చేయడం, సన్నబడ్డామని మురిసిపోతూ వచ్చినవాళ్ళకి బిగించి ఇచ్చి, కొన్నాళ్ళకి నోరు మూసుకుని మళ్ళీ విప్పడం. ఇంటి ముందు గదే నా కొట్టు. కిటికీ పక్కన కుట్టు మిషను, గోడకి హ్యాంగర్లు. వెనక గదిలో మా వాడి మంచం, దాని పక్కన బల్ల మీద కంప్యూటర్, బల్ల కింద గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. ఇంట్లో ఉండేది మేమిద్దరం. చప్పుడు చేసేవి ఆ రెండు మిషన్లూ, నా నోరూ.

మా వాడు రాళ్ళు కోసేవాడు. వంటింటి గట్ల మీద పరిచే నున్నటి పలకలు ఉంటాయే, అవి. సింకు పట్టేంత మేర మధ్యలో కోసి, అంచులు అరగదీసి, మొహం చూసుకునేంత మెరుపు తెచ్చేవాడు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదట. పని తొందరలో నీళ్ళు ఎవడు పోస్తాడు? పొడిగానే కోసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడి కనుబొమలు తెల్లగా ఉండేవి. "ఏం ముసలాయనా, కాళ్ళు కడుక్కో," అని ఏడిపించేదాన్ని. ఆ తెలుపు లోపలికి కూడా పోతోందని మాకేం తెలుసు? తెలిసేసరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. పెళ్ళి మాటెత్తినప్పుడల్లా "నాకు రాళ్ళతో అయిపోయిందిగా అమ్మా" అనేవాడు. ఆ రాళ్ళే వచ్చి వాడి రొమ్ములో కాపురం పెట్టాయి.

ఇక ఆట సంగతి. అదొక మాయలోకం. కొండలు, కోటలు, రాక్షసులు, మంత్రగాళ్ళు. ఎవరికి వాళ్ళు ఒక మనిషిని తయారుచేసుకుని అందులో తిప్పుకుంటారు. మా వాడి మనిషికి కుడిచేత కత్తి, ఎడమచేత తలుపంత డాలు. అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాయడం వాడి పని. వెనకనుంచి ఒకాయన బాణాలు వేస్తాడు. ఒకావిడ గాయాలు మాన్పే మంత్రం వేస్తుంది. వాళ్ళిద్దరూ ఎక్కడెక్కడో ఉంటారు, ఎప్పుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మాటలు మాత్రం స్పీకర్లోంచి మా గదిలో ఉన్నట్టే వినిపిస్తాయి. బాణాలాయన రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. తెల్లారకముందే లేవాలి గనక సాయంత్రం ఆటలో ఆవలిస్తూనే ఉంటాడు. మంత్రాలావిడ సిటీ బస్సు నడుపుతుంది. ఆటలో కూడా "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అనే వరస. నేను వాళ్ళని రొట్టెలాయన, డ్రైవరమ్మ అంటాను. వాళ్ళు మా వాణ్ణి గోడన్నా అంటారు.

మంచం దిగి బాత్రూం దాకా నడిస్తే గోడ పట్టుకుని ఆగిపోయే నా కొడుకు, అక్కడ వాళ్ళందరికీ గోడ.

ఒక మధ్యాహ్నం కొట్టుకి ఎవరూ రాక ఈగలు తోలుకుంటుంటే వెనక గదిలోంచి పిలిచాడు. "అమ్మా, నువ్వు దర్జీవి కదా, వీడికేం వేయాలో నువ్వే చూడు," అన్నాడు. ఆ రోజునుంచీ ఆ మనిషి బట్టల పెత్తనం నాది. తెర మీద వాడు బొమ్మలా నిలబడి మెల్లగా చుట్టూ తిరుగుతాడు. తలకి ఒక గడి, రొమ్ముకి ఒక గడి, చేతులకి, కాళ్ళకి, పాదాలకి తలా ఒకటి. గడి మీద నొక్కితే మన దగ్గరున్న తొడుగులన్నీ వస్తాయి. పక్కన ఏవేవో అంకెలు. అంకెలు చూసి బట్ట ఎంచుకునే రకాన్ని కాదు నేను. ఎక్కడా ఒళ్ళు కనిపించకూడదు, అంతే. ఆ చంక సందు చొక్కా తీసి అవతల పారేయించి, గొంతు దాకా, గోళ్ళ దాకా కప్పే నల్ల ఇనుము సెట్టు ఒకటుందని తెలిసి, అది దొరికేదాకా ముగ్గుర్నీ ఊరకే ఉండనివ్వలేదు. దొరికాక తల నుంచి పాదం దాకా తొడిగాను. కొడుకుని యుద్ధానికి పంపే తల్లి ఇంకేం తొడుగుతుంది?

చూడటానికి మహా గొప్పగా ఉన్నాడు. నడిస్తే మాత్రం బీరువాని ఈడుస్తున్నట్టుండేది. దెబ్బ తప్పించుకోవడానికి దొర్లమంటే ధబాలున పడి, పడ్డచోటే ఉండి, మోకాళ్ళు పట్టుకుని లేచేవాడు. తెర మీద పైన ఎర్ర గీత ఒకటుంటుంది, అది ప్రాణం. దాని కింద పచ్చ గీత. డాలు మీద దెబ్బ పడ్డా, కత్తి విసిరినా, పరిగెత్తినా ఆ పచ్చ గీత తరుగుతుంది. ఆగితే మళ్ళీ నిండుతుంది. ఒంటి మీద బరువు ఎంత ఎక్కువైతే అంత నెమ్మదిగా నిండుతుంది. అది అడుగంటిందా, డాలు పట్టిన చెయ్యి దానంతటదే జారిపోతుంది. వాళ్ళు దాన్ని ఊపిరి అంటారు. "గోడన్నా, ఊపిరి చూసుకో!" అని అరుస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. వేరే పేరే దొరకలేదా వీళ్ళకి అనుకునేదాన్ని.

అదే రోజుల్లో ఆసుపత్రిలో మరో మాట నడుస్తోంది. ఊపిరితిత్తులు మార్చే ఆపరేషన్. పెద్ద డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. చేస్తే బాగా తిరగొచ్చు, కానీ కొందరు ఆ ఆపరేషన్ బల్ల మీదనుంచి లేవరు. చేయకపోతే ఉన్న ఊపిరి ఇలాగే తగ్గుతూ పోతుంది. ఊపిరితిత్తుల కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పేరు ఎక్కించాలంటే రోగి ఒక్కడూ సరేనంటే చాలదట. ఆ తర్వాత పక్కనుండి చూసుకునే మనిషి కూడా వచ్చి, అన్నీ విని, సరేనని చెప్పాలట. ఆ మనిషిని నేనే. నేను తప్ప వాడికి ఎవరున్నారు?

వాడు అక్కడే సరేనన్నాడు. నేను మాత్రం "చూద్దాం" అన్నాను. చలి తగ్గనీ అన్నాను. కొట్టులో పని తెమలనీ అన్నాను. నా చెల్లెలు వచ్చి వెళ్ళనీ అన్నాను. అది వచ్చింది, వెళ్ళింది కూడా. వాడు ఒక్కసారి కూడా ఒత్తిడి చేయలేదు. నాకు భయం. అంతకంటే పెద్ద మాటలేవీ లేవు, భయం. కళ్ళ ముందు దగ్గుతూ ఉన్న కొడుకు, దగ్గుతూ అయినా ఉన్నాడు కదా.

ఆటలో వాళ్ళ ముగ్గురికీ ఒక పట్టుదల ఉండేది. బూడిద కోట అని ఒకటుంది. దాని గుమ్మంలో సమ్మెట పట్టుకుని ఒక కొండంత కాపలావాడు. వాణ్ణి పడగొట్టి లోపలికి వెళ్ళాలి. ఎన్నిసార్లు పోయినా ఒకటే కథ. సమ్మెట దెబ్బలు కాచి కాచి మా వాడి పచ్చ గీత అడుగంటేది, డాలు జారేది, ఇంకొక్క దెబ్బకి పడిపోయేవాడు. గోడ పడ్డాక వెనకవాళ్ళు ఎంతసేపు నిలుస్తారు? నేనేమో ప్రతిసారీ ఇంకా మందం తొడుగు ఏదైనా ఉందా అని వెతికేదాన్ని.

ఒక సాయంత్రం మళ్ళీ పడ్డాడు. రొట్టెలాయన ఆవలించాడు. డ్రైవరమ్మ మాత్రం ఆగలేకపోయింది.

"అమ్మగారూ, మీరు అక్కడే ఉన్నారా? కోపం తెచ్చుకోకండి. అన్న ఆ సమ్మెట దెబ్బకి చావట్లేదండీ. ఆ ఇనుములోనే చస్తున్నాడు. పక్కకి జరగమంటే జరగలేడు, డాలు ఎత్తమంటే ఊపిరి ఉండదు. ఆ అంకెలొక్కసారి చూడండమ్మా!"

"నా కొడుక్కి ఏం తొడగాలో నువ్వు చెప్తావా?" అన్నాను. "నీ బస్సులో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పుకో, పో!"

ముక్కు మీద కోపం నాది. మా వాడు మైకు మీట మీదనుంచి వేలు తీసి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"ఆవిడ్ని ఎందుకమ్మా తిడతావు?"

"మరి చస్తున్నాడు చస్తున్నాడు అని ఆ మాటలేంటి?"

"చస్తున్నాను కదా మరి." కాసేపు ఆగాడు. వాడి మాటలకి ఎప్పుడూ మధ్యలో ఆగడం ఉంటుంది. "దెబ్బే తగలకూడదని చూస్తావు నువ్వు. ముందు నిలబడ్డవాడికి దెబ్బ తగలకుండా ఎలా ఉంటుంది? తగిలాక లేవగలడా లేదా, అది చూడాలి."

ఇది ఆట గురించి కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"నీకు తెలియకుండా ఫోన్ చేసి, పేరు ఎక్కించేసుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు. "నువ్వు సరేనంటేనే వెళ్తాను. నీతో గొడవపడి ఆ బల్ల ఎక్కలేను. కానీ అమ్మా, ఇలా కూర్చుని ఆ గీత ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ ఉండటం... నా వల్ల కావట్లేదు."

"నువ్వు లేకపోతే నేనేం చేయను రా?" అన్నాను. ఏడుపు ఆగలేదు. "చెప్పు, నేనేం చేయను?"

"జిప్పులు మారుస్తావు," అన్నాడు వాడు. నవ్వబోయి దగ్గాడు. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. ఆ ఎముకలన్నీ చేతికి తగిలాయి.

మర్నాడు పొద్దున్నే ఇళ్ళకి రంగులు వేసే ఒకాయన కొట్టుకొచ్చాడు. పనిలో వేసుకోవడానికి కొన్న కొత్త కోటు పట్టుకొచ్చి, అద్దంలో బాగానే ఉందమ్మా, పనిలో మాత్రం పీక నొక్కేస్తోంది అన్నాడు. తొడుక్కోమన్నాను. "చేతులు పైకెత్తండి. ఇంకా. పైకప్పుకి రంగు వేసేటప్పుడు ఎలా ఎత్తుతారో అలా. ఇప్పుడు వంగండి. కూర్చోండి." వీపు మీద కుట్లు పటపటమనేలా ఉన్నాయి. ఎవరొచ్చినా నేను చేసే పని ఇదే. ఊరికే అద్దం ముందు నిలబెట్టి కొలత తీయను. ఏం పని చేస్తారో అడుగుతాను. మోసేవాణ్ణి మోసినట్టు, తొక్కేవాణ్ణి తొక్కినట్టు నిలబెట్టి, అప్పుడు సుద్దతో గీస్తాను. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ అలా చేసిన మనిషిని, కన్నకొడుకు మనిషి దగ్గరికొచ్చేసరికి బొమ్మలా నిలబెట్టి ఇనుము తొడుగుతూ పోయాను. రంగులాయన కోటుకి గుచ్చాల్సిన సూది నా వేలికి గుచ్చుకుంది.

ఆయన్ని పంపేసి వెనక గదిలోకి వెళ్ళాను. "ఆ ఆట పెట్టు," అన్నాను.

"పొద్దున్నేనా? వాళ్ళెవరూ ఉండరు."

"వాళ్ళెందుకు? నాకు నీ మనిషితో పని ఉంది."

తల మీద టోపీ దగ్గరనుంచి మొదలుపెట్టి అన్నీ విప్పించాను. లోపలి చొక్కాతో మిగిలాడు, సన్నగా, మా వాడిలాగే. ముందు ఉత్త ఒంటితో పరిగెత్తించమన్నాను. దొర్లించమన్నాను. డాలు ఎత్తి పట్టి ఎంతసేపు నిలబడతాడో చూపించమన్నాను. అప్పుడు ఒక్కొక్కటే తొడుగుతూ వచ్చాను. తోలు కోటు, లోపల దూది అస్తరు. మళ్ళీ పరిగెత్తు. సరే. ఎడమ వైపు ఎలాగూ డాలు ఉంది, అటు ఇనుము దండగ. కత్తి పట్టే కుడి భుజానికి ఒక్క చిన్న రేకు. ఇప్పుడు కత్తి విసురు. చెయ్యి ఆగుతోందా? ఆగుతోంది. అయితే తీసెయ్. కాళ్ళకి ఇనుప బూట్లు వద్దు, తోలువి చాలు. మొదటిసారి ఆ అంకెలు కూడా చూశాను, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ. వాడు నేను చెప్పినట్టల్లా చేస్తున్నాడు. ఆఖరికి వాడి మనిషి నక్కలా దొర్లి లేచి, డాలు ఎత్తి నిలబడ్డాడు. పచ్చ గీత గబగబా నిండింది.

"చంక ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఒళ్ళంతా చంకే," అన్నాను. "తగిలితే మాత్రం గట్టిగా తగులుతుంది నాయనా."

"తెలుసు," అన్నాడు.

ఆ సాయంత్రం బూడిద కోటకి వెళ్ళారు. డ్రైవరమ్మ వాణ్ణి చూసి, "అన్నా, ఇంట్లో బట్టలతో వచ్చేశావేంటి?" అంది. నేను మైకు దగ్గరికి వంగి, "నిన్నటి మాటకి ఏమీ అనుకోకమ్మా," అన్నాను. "అయ్యో, నేనెప్పుడో మర్చిపోయానండీ, రోజూ బస్సులో ఎన్ని పడతాను," అంది ఆవిడ. సమ్మెట లేచింది. మా వాడు కాయలేదు, పక్కకి దొర్లాడు. సమ్మెట నేలలో దిగబడింది. వీడు లేచి పొడిచి, మళ్ళీ డాలు వెనక్కి చేరాడు. రెండు దెబ్బలు తగిలాయి కూడా. తగిలినప్పుడు ఎర్ర గీత సగానికి పడిపోయింది. "నేనున్నా, నేనున్నా, నువ్వు కదులు," అని డ్రైవరమ్మ మంత్రం మీద మంత్రం వేసింది. రొట్టెలాయన ఆవలింత మానేసి బాణాలు కురిపించాడు. అంత పెద్ద కాపలావాడు మోకాళ్ళ మీద కూలబడి, గుమ్మానికి అడ్డంగా పడిపోయాడు. ముగ్గురూ ఒకటే కేకలు. నేనూ కేకలు వేశాను. పక్కింటావిడ ఏమైందోనని తలుపు కొట్టింది కూడా.

వాడు కుర్చీలో వెనక్కి వాలి ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుంది. అలాంటి మొహం వాడికి మళ్ళీ చూస్తాననుకోలేదు.

"రేపు ఆసుపత్రికి ఫోన్ చెయ్యి," అన్నాను. "నేను వచ్చి చెప్తాను."

వాడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వెళ్ళి సరేనని చెప్పాను. ఏ మందు ఎప్పుడు వేయాలో, జ్వరం ఎలా చూడాలో, ఇంటిని ఎంత శుభ్రంగా ఉంచాలో అన్నీ నేర్పారు. బడిపిల్లలా నేర్చుకున్నాను. ఆ తర్వాత రోజూ, సరిపోయే ఊపిరితిత్తులు దొరికాయన్న ఫోన్ కోసం చూడటమే. ఒక పొద్దున, ఎవరిదో ప్యాంటుకి జిప్పు వేస్తుండగా మోగింది. ఆ ప్యాంటు సూది కిందే వదిలేసి బయల్దేరాం.

అక్కడ వాడికి వెనక నాడాలు కట్టుకునే గౌను ఇచ్చారు. "చూశావా అమ్మా, వీపంతా గాలికి వదిలేశాడు. ఎవడో ఈ దర్జీ!" అన్నాడు. నేనే నాడాలు కట్టాను. "బిగించకు," అన్నాడు. వదులుగానే కట్టాను. చక్రాల మంచం తోసుకుపోతుంటే తలుపు దాకా నడిచాను. అక్కడ ఆపేశారు. వాడు చెయ్యెత్తాడు. పూర్తిగా ఎత్తాడు, ఎక్కడా ఆగకుండా.

ఆపరేషన్ అయింది. కొత్తవి పెట్టారు. అవి గాలి పీలుస్తున్నాయని కూడా ఒక నర్సు వచ్చి చెప్పింది. నాకప్పుడు ఆకలేసింది, సిగ్గు లేకుండా. ఏదో తెచ్చుకుని తిన్నాను. ఆ తర్వాత రక్తం ఆగలేదట. డాక్టర్లు ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. ఆ పెద్ద డాక్టరమ్మ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. కూర్చోగానే నాకు తెలిసిపోయింది. ఆవిడ ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

చెల్లెలు వచ్చి కొన్నాళ్ళు నా దగ్గరే ఉంది. మంచిదే, మాట తీరే అంత. "నువ్వు సరేననకపోయుంటే ఇంకొన్నాళ్ళు కళ్ళ ముందు ఉండేవాడు కదక్కా," అంది. నాకు తిట్టే ఓపిక కూడా లేకపోయింది. నిజమే, ఉండేవాడు. గాలి కోసం కొట్టుకుంటూ, ఆ గీత అయిపోవడం చూస్తూ ఉండేవాడు. వాడికది అక్కర్లేదని నాకు తెలుసు. మళ్ళీ అడిగితే మళ్ళీ సరేనంటాను. అయినా సరే ఉండేవాడు కదా అని నా కడుపు రోజూ ఏడుస్తుంది. కడుపుకి న్యాయం చెప్పడం నాకు చేతకాలేదు.

చెల్లెలు వెళ్ళిపోయింది. ఇంట్లో ఒక్క మిషను మిగిలింది, అదీ ఆడటం లేదు. అప్పుడు గుర్తొచ్చారు వాళ్ళిద్దరూ. వాళ్ళకి ఎవరు చెప్తారు? వాడి ఫోను తెరవడం నాకు రాదు. వాళ్ళ ఊళ్ళూ తెలియవు, ఇళ్ళూ తెలియవు. ఉన్న దారి ఆ ఆట ఒక్కటే. వాళ్ళు రోజూ వచ్చే వేళ చూసి, సాయంత్రం వాడి కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ నాకు ఎత్తయింది. కంప్యూటర్ పెట్టడం, ఆటలోకి వెళ్ళడం, బట్టలు మార్చే చోటు తెరవడం నాకు వచ్చు. నడిపించడం రాదు, కొట్టించడం రాదు. వెళ్ళి చెప్పేసి వచ్చేద్దాం, అంతే కదా అనుకున్నాను.

తెర వెలిగింది. కోట గుమ్మం ముందు మా వాడి మనిషి నిలబడి ఉన్నాడు.

"వచ్చాడు!" అని రొట్టెలాయన గొంతు చించుకున్నాడు. "వచ్చాడు, వచ్చాడు! గోడన్న వచ్చేశాడు!"

నేను మైకు దగ్గరికి వంగాను.

"నేను చెప్పానా లేదా?" డ్రైవరమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. "ఆపరేషన్ అయి లేవగానే మీకే ముందు తెలుస్తుంది, నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు. అన్నాడా లేదా? అన్నా, ఎలా ఉన్నావు? మాట్లాడొద్దులే, కుట్లు ఉంటాయి, మాట్లాడకు!"

అలా చెప్పి వెళ్ళాడని నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు.

"నేను అమ్మనమ్మా," అన్నాను. "వాడు కాదు. నేను."

వాళ్ళకి వినపడలేదు. మాట్లాడాలంటే ఏదో మీట నొక్కి పట్టుకోవాలి. ఎప్పుడూ వాడే నొక్కేవాడు. దొరికినవన్నీ నొక్కాను. ఒకటి నొక్కితే మా వాడి మనిషి గెంతాడు. "చూడు, చూడు, గెంతుతున్నాడు!" అని రొట్టెలాయన కూడా గెంతాడు. ఇంకొకటి నొక్కితే కత్తి పైకెత్తాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ ఏ గాయమూ లేని ఆ మనిషి మీద వెలుగులు వెలుగులుగా మంత్రాలు పోస్తోంది. "ఆపండమ్మా, ఆపండి," అని నేను గదిలో అరుస్తున్నాను.

"నీకోసం ఏం తెచ్చామో చూడు," అన్నాడు రొట్టెలాయన. ఇద్దరూ వాడి కాళ్ళ ముందు ఒక్కొక్కటే కింద పెట్టారు. వెండి రంగు రొమ్ము తొడుగు, దానికి తగ్గ టోపీ, చేతుల తొడుగులు, సన్నటి పొలుసుల బూట్లు. నేను ఎన్నడూ చూడని పనితనం. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం రోజూ దీనికోసమే తిరిగాం. తోలంత తేలిక అన్నా ఇది, కానీ ఇనుమంత గట్టి. అమ్మగారికి చూపించు, ఆవిడకి నచ్చుతుంది. ఏది ముందు వేసుకుంటావో నీ ఇష్టం. వేసుకుంటే లోపలికి పోదాం, ఇక నువ్వు ముందు నడవడమే."

అది తొడిగితే వాడు ముందు నడవాలి. ఎలా నడుస్తాడు?

నాకు తెలిసిన చోటు ఒక్కటే ఉంది, అది తెరిచాను. రొమ్ము గడి మీద నొక్కి తోలు కోటు విప్పి, వాళ్ళు తెచ్చినవాటి పక్కన కింద పెట్టాను. "ఆఁ, మార్చుకుంటున్నాడు," అన్నాడు రొట్టెలాయన. బూట్లు విప్పాను. భుజం రేకు నేనే వద్దని తీయించేశాను గనక అక్కడేమీ లేదు. చేతులవి విప్పాను. కత్తి కింద పెట్టాను. "కత్తి ఎందుకన్నా?" అని నవ్వాడాయన. డాలు కూడా దించి, నేల మీద పెట్టాను. అది పెద్ద చప్పుడుతో పడింది. లోపలి చొక్కాతో, రెండు చేతులూ ఖాళీగా, మా వాడి మనిషి వాళ్ళ మధ్యలో నిలబడ్డాడు. కొత్త తొడుగుల్లో ఒక్కటీ నేను ముట్టుకోలేదు.

రొట్టెలాయన నవ్వు ఆగిపోయింది. డ్రైవరమ్మ మంత్రాలు ఆపేసింది.

"అమ్మగారూ," అంది చివరికి, మెల్లగా. "మీరేనా?"

"అవునమ్మా, నేనే," అన్నాను. వాళ్ళకి వినపడలేదు.